ఊరి హాల్లో పెద్ద తెర మీద మ్యాచ్ వేయాలంటే ఏమేం అనుమతులు కావాలి?

ఐపీఎల్ దగ్గర పడుతుందంటే మా ఆఫీసుకు యూత్ పిల్లల రాక మొదలవుతుంది. దేవరకద్ర చుట్టుపక్కల కొన్ని ఊళ్లకు నేను కేబుల్ నడుపుతాను. తెర వేయాలన్నా, బాక్స్ కావాలన్నా ముందు నన్నే అడుగుతారు. "అన్నా, ఈసారి కమిటీ హాల్ల పెద్ద తెర ఏద్దామనుకుంటున్నం. ఎస్సై సారుకు చెప్పినం, సర్పంచ్ సరే అన్నడు. ఇంకేమన్నా గావాల్నా?" అంటారు. కావాలి. అసలైనది ఇంకా మిగిలే ఉంది.

పోలీసులు ఇచ్చేది జనం కూడటానికి, మైకు పెట్టడానికి అనుమతి. పంచాయతీ ఇచ్చేది హాలు తాళంచెవి. తెర మీద కదిలే బొమ్మను నలుగురికి చూపించే హక్కు ఈ రెంటిలో దేనివల్లా రాదు. ఆ బొమ్మకు సొంతదారు వేరే ఉన్నారు, వాళ్ల మాట విడిగా తీసుకోవాలి. ఊళ్లలో దాదాపు అందరూ మొదటి రెండు చూసుకుని మూడోదాన్ని వదిలేస్తారు. "మా సొంత కనెక్షనే గదా, నెలనెలా పైసలు కడుతున్నం" అంటారు. ఆ పైసలు ఇంట్లో కూర్చుని చూడటానికి కట్టేవి. ఊరికి చూపించడానికి కట్టేవి కావు.

ఊరంతా ఒక్కచోట కూర్చుని మ్యాచ్ చూడటం నాకు ఇష్టమైన విషయం. పుణె, ముంబై పనులకు పోయినవాళ్లు ఎండాకాలం పెళ్లిళ్లకు ఊరికి వస్తారు. సరిగ్గా అప్పుడే ఐపీఎల్ ఉంటుంది. ఎవరి ఫోన్లో వాళ్లు తలవంచుకుని చూసేకంటే, తాతలు, చిన్నపిల్లలు, ఆడవాళ్లు అందరూ ఒక తెర ముందు కూర్చోవడం ఊరికి మంచిది. అది ఆగిపోకూడదంటే పద్ధతిగా జరగాలి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బొమ్మ ఎవరిదో ముందు తేల్చుకోండి

ఒక్కో టోర్నమెంటు హక్కులు ఒక్కొక్కరి దగ్గర ఉంటాయి. ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల హక్కులను క్రికెట్ బోర్డు వేలం వేస్తే, మన దేశంలో టీవీ హక్కులు స్టార్‌కు 23,575 కోట్ల రూపాయలకు పోయాయి. డిజిటల్ హక్కులు వయాకామ్18 తీసుకుంది. 2024 నవంబరులో ఆ రెండూ కలిసి జియోస్టార్ అయ్యాయి కాబట్టి ఇప్పుడు ఐపీఎల్‌కు టీవీ అయినా, యాప్ అయినా అడగాల్సింది ఒక్కరినే. ప్రో కబడ్డీ కూడా స్టార్‌లోనే వస్తుంది. ఆసియా కప్ అలా కాదు, దాని హక్కులు 2024 నుంచి 2031 వరకు సోనీవి. మన జట్టు బయటి దేశానికి పోయి ఆడే సిరీస్‌లు ఒక్కోసారి ఒక్కో ఛానెల్‌కు పోతాయి. పోయిన ఏడు ఎవరిని అడిగామో ఈ ఏడు కూడా వాళ్లనే అడగాలని లెక్క లేదు. మ్యాచ్ ఏ ఛానెల్లో వస్తుందో చూసి ఆ ఛానెల్ కంపెనీ పేరు రాసి పెట్టుకోండి. ఫుట్‌బాల్ ప్రపంచకప్ వేయాలనుకునే ఊరుంటే, ఫిఫా ఇలాంటి బహిరంగ ప్రదర్శనలను వ్యాపారం, వ్యాపారం కానివి అని విడదీసి సొంతంగా నిబంధనలు పెడుతుంది. అవి కూడా చదవాలి.

అంతంత డబ్బు పోసి కొన్నవాళ్లు దాన్ని కాపాడుకోవడానికి మనుషులను కూడా పెట్టుకుంటారు. మన ఊరు చిన్నది, ఎవరు పట్టించుకుంటారు అనుకోవద్దు. యూత్ పిల్లలే వీడియో తీసి ఇన్‌స్టాలో పెడతారు, హాలు పేరు బోర్డుతో సహా కనిపిస్తుంది.

టికెట్ పెట్టారంటే సంగతి మారిపోతుంది

1957 నాటి కాపీరైట్ చట్టంలో 37వ సెక్షన్ ఉంది. ఛానెల్ వేసిన ప్రసారం మీద ఆ ఛానెల్‌కు 25 ఏళ్లపాటు ప్రత్యేక హక్కు ఉంటుందని అది చెబుతుంది. ఆ ప్రసారాన్ని లైసెన్సు లేకుండా మళ్లీ ప్రసారం చేయడం, రికార్డు చేయడం, డబ్బు తీసుకుని ప్రజలకు చూపించడం లేదా వినిపించడం, ఇవన్నీ ఆ హక్కును ఉల్లంఘించడమే. డబ్బు తీసుకోవడం గురించి చట్టం ఇంత విడమరిచి చెప్పింది కాబట్టి నేను అందరికీ చెప్పే మొదటి మాట, గేటు దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు.

ఇరవై రూపాయల టికెట్టే కాదు, దాన్ని వేరే రూపంలో తీసుకోవడమూ వద్దు. సమోసా, కూల్‌డ్రింక్ కూపన్ కొంటేనే లోపలికి అంటే ఆ కూపనే టికెట్. కుర్చీకి పది రూపాయలంటే అదీ టికెట్టే. పక్కన ఎవరైనా మిర్చి బండి పెట్టుకుని అమ్ముకుంటే, కొనేవాళ్లు కొంటారు, కొననివాళ్లు ఊరికే కూర్చుని చూస్తారు, దానికి గొడవ లేదు. ప్రొజెక్టర్ కిరాయి, టెంట్ కిరాయి ఎలాగంటారా? ముందే యూత్ సంఘం సభ్యులు తలాకొంత వేసుకోండి. రసీదు బుక్కులో రాసుకోండి. చందా ఇచ్చినవాళ్లకు ముందు వరస, ఇవ్వనివాళ్లు బయట అని మాత్రం చేయవద్దు.

మరి డబ్బు తీసుకోకపోతే ఏ అనుమతీ అక్కర్లేదా? అలా చెప్పేవాళ్లున్నారు, నేను చెప్పను. ఛానెల్ తయారుచేసిన దృశ్యాల మీద, మధ్యలో వచ్చే సంగీతం మీద కూడా కాపీరైట్ ఉంటుంది. వాటిని ప్రజలకు అందించే హక్కు కూడా సొంతదారులదే. పైగా మీ కనెక్షన్ తీసుకున్నప్పుడు ఒప్పుకున్న షరతులు వేరే ఉన్నాయి. లాభం కోసం కాకుండా నడిచే క్లబ్బులు రికార్డు చేసిన పాటలు వినిపించుకోవడానికి 52వ సెక్షన్లో కొంత వెసులుబాటు ఉంది. 52లో ఉన్న మినహాయింపులను తగిన మార్పులతో ప్రసారాలకూ వర్తింపజేయవచ్చని 39వ సెక్షన్ అంటుంది. దాన్ని పట్టుకుని వకీలు కోర్టులో వాదించవచ్చు. ఊరి పిల్లలను కోర్టు దాకా పోయి వాదించుకోండి అని నేను పంపలేను. ఒక ఉత్తరంతో పోయే పని అది.

శిక్ష కూడా చిన్నదేం కాదు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు కారణాలు రాసి దాన్ని తగ్గించవచ్చు. అందుకోసమైనా మీరు లాభం కోసం చేయలేదని కాగితం మీద కనబడాలి. సంఘాన్ని తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేసుకుంటే ఇక్కడ పనికొస్తుంది. ఏడుగురు సభ్యులుంటే చాలు.

ఫంక్షన్ హాలు యజమానులకు ఒక మాట. హాలు కిరాయికి ఇచ్చాను, లోపల వాళ్లేం వేసుకున్నారో నాకు తెలియదు అంటే సరిపోదు. అనుమతి లేని ప్రదర్శనకు లాభం కోసం చోటిచ్చినవాళ్లూ బాధ్యులేనని 51వ సెక్షన్ చెబుతుంది. తమకు తెలియదని, అనుమానించే కారణం కూడా లేదని చూపించగలిగితేనే బయటపడతారు. కిరాయి కాగితంలో "మ్యాచ్ ప్రదర్శన, ఛానెల్ అనుమతి జతచేశాం" అని రాయించుకోండి. చాయ్ హోటళ్లు, దాబాలు, బార్లు టీవీ పెట్టి గిరాకీ పెంచుకుంటే అది వ్యాపారమే. ఇంటి కనెక్షన్ దానికి చెల్లదు, కమర్షియల్ కనెక్షన్ అడిగి తీసుకోవాలి.

సిగ్నల్ ఎక్కడి నుంచి తీసుకోవాలి

నాకు బాగా తెలిసిన సంగతి ఇది, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

ఊరికి అన్నిటికన్నా తేలికైన దారి డీడీ ఫ్రీ డిష్. డిష్షు, బాక్సు ఒకసారి కొంటే నెల బిల్లు ఉండదు. 2007లో వచ్చిన చట్టం ప్రకారం, జాతీయ ప్రాధాన్యం ఉన్నవని ప్రభుత్వం ప్రకటించిన ఆటల సిగ్నల్‌ను ప్రైవేటు ఛానెల్, దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతితో పంచుకోవాలి. మన పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20లు, ప్రపంచకప్ సెమీఫైనళ్లు, ఫైనల్, ఒలింపిక్స్, ఆసియా క్రీడలు ఆ లెక్కలోకి వస్తాయి. ఐపీఎల్ రాదు. చాలామంది నన్ను అడిగేది, "డీడీలో ఇండియా మ్యాచ్ వస్తుందంటారు, మీ కేబుల్లో డీడీ పెడితే ఎందుకు రాదు?" అని. మేమే ఆపామనుకుంటారు. ఆపింది మేం కాదు. అలా పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్ల ద్వారా, ఫ్రీ డిష్ ద్వారా మాత్రమే పోవాలని, ప్రైవేటు కేబుల్ వాళ్లకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పు చెప్పింది. అందుకే హాలుకు ఒక ఫ్రీ డిష్ పెట్టించుకోండి అంటాను. నా గిరాకీ తగ్గినా ఫరవాలేదు. అయితే బిల్లు లేదు కదా అని దాని మీద హక్కు కూడా లేదనుకోవద్దు. టికెట్ పెట్టి డీడీ చూపించినా అదే 37వ సెక్షన్ వర్తిస్తుంది.

ఐపీఎల్, ప్రో కబడ్డీ లాంటివి కావాలంటే కేబుల్ గానీ, ప్రైవేటు డిష్ గానీ ఉండాలి. కనెక్షన్ హాలు చిరునామా మీద, పంచాయతీ పేరున గానీ సంఘం పేరున గానీ ఉండాలి. దరఖాస్తు ఫారంలో చోటు దగ్గర "కమ్యూనిటీ హాలు" అని రాయించండి. అది ఇంటి రేటు కిందికి వస్తుందా, కమర్షియల్ కిందికి వస్తుందా అని ఆపరేటర్‌నే అడిగి, ఏం చెప్పినా కాగితం మీద తీసుకోండి. ఎవరింట్లోదో బాక్సు పీకి తెచ్చి హాల్లో పెట్టడం అందరూ చేసే పనే, అదే తప్పు కూడా. ఆ బాక్సు ఇచ్చింది ఆ ఇంటి చిరునామాకు.

మ్యాచ్ మధ్యలో తెర మీద ఎక్కడో ఒకచోట పొడుగాటి నంబరు కొద్ది క్షణాలు మెరిసి మాయమవడం మీరు చూసే ఉంటారు. సిగ్నల్ లోపం అనుకుంటారు. మీ బాక్సును గుర్తుపట్టే నంబరు అది. ఛానెల్ వాళ్లు కావాలనే వేస్తారు. ఎవరైనా ఫోన్లో ఫోటో తీసి పంపితే చాలు, ఆ బాక్సు ఎవరి పేరున, ఏ ఊళ్లో ఉందో బయటపడుతుంది. ముందు ఆ కనెక్షన్ ఆగిపోతుంది, తర్వాత ఆపరేటర్‌కు నోటీసు వస్తుంది. బాక్సు ఇచ్చిన పెద్దమనిషి మధ్యలో ఇరుక్కుంటాడు.

ఒక బాక్సు నుంచి వైరు లాగి బొడ్రాయి దగ్గర ఒక టీవీ, బస్టాండు దగ్గర ఒక టీవీ, హాల్లో తెర పెడదామని అడిగేవాళ్లున్నారు. వద్దు. అలా వైరు లాగి సిగ్నల్ పంచడమంటే కేబుల్ నెట్‌వర్క్ నడపడమే. దానికి 1995 కేబుల్ టీవీ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. ఇంతకుముందు మేం ఏటా హెడ్ పోస్టాఫీసులో చేయించుకునేవాళ్లం. 2025 జనవరి నుంచి సమాచార ప్రసార శాఖ పోర్టల్‌లో ఐదేళ్లకు ఒకసారి చేయించుకుంటున్నాం. అది లేకుండా మేమే ఒక్క వైరు లాగలేం.

యాప్‌ల సంగతి. జియోహాట్‌స్టార్ లాంటి యాప్‌ల సబ్‌స్క్రిప్షన్ సొంత వాడకానికి, వ్యాపారం కాని వాడకానికి అని షరతుల్లోనే రాసి ఉంటుంది. ఫోన్ నుంచి ప్రొజెక్టర్‌కు కలిపి రెండు వందల మందికి చూపిస్తే సొంత వాడకం కాదు. టెలిగ్రామ్ లింకులు, ఇంటర్నెట్ మీద ఛానెళ్లన్నీ చూపిస్తామని ఎవరో అమ్మే ఏడాది ఐపీటీవీ ప్యాకులు అయితే పూర్తిగా దొంగ సరుకు. 2023 ప్రపంచకప్ ముందు అలాంటి సైట్లను ఆపేయాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశాలిచ్చింది. సరిగ్గా ఆఖరి ఓవర్లో లింకు ఆగిపోతే ఊరి ముందు తల ఎత్తుకోలేరు, కేసు సంగతి పక్కన పెట్టినా.

ఇంకో రెండు అలవాట్లు మానుకోవాలి. అర్ధరాత్రి మ్యాచ్ రికార్డు చేసి పొద్దున పొలం నుంచి వచ్చినవాళ్లకు వేద్దామంటారు. ఆలోచన మంచిదే గానీ రికార్డు చేయడానికి వేరే హక్కు ఉంది, దాన్ని విడిగా అడగాలి. రెండోది, తెరకు ఎదురుగా ఫోన్ పట్టుకుని ఫేస్‌బుక్ లైవ్ పెట్టడం. అలా చేస్తే మీరే మళ్లీ ప్రసారం చేస్తున్నట్టు. జనాన్ని, కేరింతలను తీయండి, తెరను తీయవద్దు.

ఛానెల్‌కు ఉత్తరం ఎలా రాయాలి

ఛానెల్ కంపెనీలో డిస్ట్రిబ్యూషన్ విభాగం ఉంటుంది. కేబుల్ వాళ్లకు, హోటళ్లకు, బార్లకు సిగ్నల్ ఇచ్చేది వాళ్లే. వాళ్ల వెబ్‌సైట్‌లోని ఈమెయిల్‌కు కనీసం నెల ముందు రాయండి. మీ ఆపరేటర్ ద్వారా కూడా పంపించండి, ఎందుకంటే మాకు సిగ్నల్ ఇచ్చే పై కంపెనీకి ఛానెల్‌తో రోజూ మాట్లాడే మనుషులుంటారు. ఇంగ్లిష్‌లో రాస్తే పని తొందరగా అవుతుంది, బడి సారును అడిగితే రాసిపెడతారు. విషయం ఇలా ఉండాలి:

"మహబూబ్‌నగర్ జిల్లా, ఫలానా మండలం, ఫలానా గ్రామంలోని పంచాయతీ కమ్యూనిటీ హాల్లో, ఫలానా తేదీ రాత్రి 7.30కు మొదలయ్యే ఫలానా మ్యాచ్‌ను గ్రామస్తులకు ఉచితంగా చూపించాలనుకుంటున్నాం. వర్షం వల్ల ఆట మరుసటి రోజుకు పోతే ఆ రోజు కూడా ఇదే ఏర్పాటు. సుమారు రెండు వందల మంది వస్తారు. తెర పన్నెండు అడుగుల వెడల్పు. ప్రవేశానికి, కుర్చీకి, మరే రూపంలోనూ డబ్బు తీసుకోము. స్పాన్సర్లు లేరు, మా బ్యానర్లు తెర పక్కన ఉండవు. మీ ప్రకటనలు కత్తిరించము, రికార్డు చేయము, మళ్లీ ప్రసారం చేయము. సిగ్నల్ హాలు పేరున ఉన్న ఫలానా నంబరు కనెక్షన్ నుంచి తీసుకుంటాం. దీనికి మీ అనుమతి, రుసుము ఏమైనా ఉంటే దాని వివరం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

మీ సంఖ్యలు మీరు వేసుకోండి, ఉన్నది ఉన్నట్టు వేయండి. రిజర్వ్ రోజు మాట తప్పకుండా ఉండాలి. 2023 ఐపీఎల్ ఫైనల్ మే 28న జరగాల్సింది. వానకు 29కి పోయింది, ఆ రోజు కూడా వాన పడి ఆట ముగిసేసరికి 30వ తేదీ తెల్లవారుజాము ఒంటిగంట దాటింది. 28 ఒక్కరోజుకే అనుమతి తెచ్చుకున్నవాళ్ల కాగితం ఆ రాత్రికి పనికిరాదు.

జవాబు రాకపోతే మళ్లీ రాయండి, ఫోన్ చేయండి. జవాబు రాకపోవడం ఒప్పుకోవడం కిందికి రాదు. రాకపోతే ఆ మ్యాచ్‌ను వదిలి, ఫ్రీ డిష్‌లో వచ్చే మ్యాచ్‌ను ఎంచుకుని, దానికి దూరదర్శన్ వాళ్లను అడగమని చెబుతాను. స్పాన్సర్ల విషయంలో నేను గట్టిగా ఉంటాను. విత్తనాల కంపెనీయో, రియల్ ఎస్టేట్ వాళ్లో తెర కిరాయి మేమిస్తాం, బ్యానర్ కట్టండి అంటారు. బ్యానర్ కట్టారంటే మీ ఉచిత ప్రదర్శన వాళ్ల వ్యాపార ప్రకటన అవుతుంది, ఛానెల్ వాళ్లు మీ ఉత్తరాన్ని చూసే పద్ధతే మారిపోతుంది. పాంప్లెట్ మీద ఐపీఎల్ లోగో, జట్ల గుర్తులు వేయవద్దు. "ఐపీఎల్ ఫ్యాన్ పార్క్" అనే పేరు అసలే వాడొద్దు. 2015 నుంచి క్రికెట్ బోర్డు తనే నడిపే కార్యక్రమం పేరు అది. "హాల్లో మ్యాచ్ వేస్తున్నాం, అందరూ రండి" అంటే చాలు.

హాలు, పోలీసులు, రాత్రి పది గంటలు

పంచాయతీ హాలైతే సర్పంచ్ నోటిమాట కాకుండా కార్యదర్శి సంతకంతో కాగితం తీసుకోండి. బడి ఆవరణ అయితే హెడ్‌మాస్టర్, గుడి స్థలమైతే ఆ కమిటీ ఒప్పుకోవాలి. స్టేషన్లో ఇచ్చే దరఖాస్తులో తేదీలు, వేళలు, ఎంతమంది, బాధ్యులు ఎవరు, వాళ్ల ఫోన్ నంబర్లు రాయండి. జిల్లాల్లో 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ అమల్లో ఉందని అప్పుడప్పుడు ప్రకటిస్తుంటారు. అప్పుడు అనుమతి లేని సభలు కుదరవు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడైతే ఇంకా జాగ్రత్త. పోటీలో ఉన్న మనిషి తెర కిరాయి ఇస్తానంటే వద్దని చెప్పండి.

అసలు టెన్షన్ సౌండ్‌తో. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఇవ్వాలి కాబట్టి మీ దరఖాస్తు స్టేషన్ నుంచి పైకి పోతుంది, నాలుగు రోజులు ముందే ఇవ్వండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పనికిరాదు. కమ్యూనిటీ హాలు లాంటి మూసిన చోట లోపలివాళ్లకు వినబడేటట్టు పెట్టుకోవచ్చు. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. దవాఖాన, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తారు, అక్కడ హద్దు ఇంకా తక్కువ.

ఇప్పుడు లెక్క వేయండి. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ 7.30కు మొదలై 11 దాటాక ముగుస్తుంది. అంటే రెండో ఇన్నింగ్స్‌లో అసలు రసవత్తరమైన భాగమంతా పది తర్వాతే. పగటి మ్యాచ్ కదా అని కూడా ధీమా వద్దు. 2025 నవంబరు 2న మహిళల ప్రపంచకప్ ఫైనల్ మధ్యాహ్నం 3కు మొదలవ్వాలి. నవీ ముంబైలో వాన వల్ల 5 అయింది. మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి కప్పు ఎత్తేసరికి అర్ధరాత్రి కావచ్చింది. ఆ ఆట చూడటానికి బడి ఆడపిల్లలు హాలుకు వచ్చారంటే వాళ్లను పది గంటలకు లేపి పంపలేం కదా. అందుకే నా సలహా, ఆరుబయట తెర కన్నా హాలు మేలు. ఆరుబయటే వేస్తే పదింటికి బయటి బాక్సులు కట్టేయడానికి ఒక మనిషిని ముందే పెట్టండి. తర్వాత కామెంటరీ లేకుండా బొమ్మ మాత్రం నడపండి. స్కోరు తెర మీద కనబడుతూనే ఉంటుంది, ఆట చూడటానికి అడ్డం లేదు. డీజే బాక్సులు ఏ వేళకూ వద్దు. వికెట్ పడ్డప్పుడల్లా సినిమా పాట వేయాలనుకుంటే, పాటల హక్కులు ఐపీఆర్ఎస్, పీపీఎల్ లాంటి సంస్థల దగ్గర ఉంటాయి. అదింకో అనుమతి. డప్పు కొట్టేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, పది లోపల వాళ్లను పిలవండి.

కరెంటు గురించి పొడిగా చెప్పేస్తాను. హాలు మీటరు నుంచే తీసుకోండి. ఆరుబయట అయితే విద్యుత్ సంస్థ ఏఈని అడిగి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. స్తంభం మీది తీగకు కొండీలు తగిలిస్తే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం, ప్రాణాలకు ముప్పు అంతకన్నా పెద్దది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే పన్నెండు అడుగుల తెర నిలబడదు. తాళ్లు గట్టిగా కట్టండి, తీగల కింద తెర పాతవద్దు. హాలు రెండు తలుపులూ తెరిచి ఉంచండి, దారికి అడ్డంగా కుర్చీలు వేయవద్దు.

పందేలు. ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. తెర వేసిన చోటికి పందెం కాసేవాళ్లు తప్పకుండా వస్తారు. తెలంగాణ గేమింగ్ చట్టం 1974 నుంచి ఉంది, 2017లో ఆన్‌లైన్ ఆటలనూ అందులోకి తెచ్చారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ దేశమంతా నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. పందెం కాసినవాళ్లతో పాటు చోటిచ్చినవాళ్ల మీదికీ కేసు వస్తుంది. మన పాలమూరు ఊళ్లలో ఈ యాప్‌ల వల్ల అప్పుల పాలైన కుటుంబాలు నా కస్టమర్లలోనే ఉన్నాయి. నిర్వాహకుల్లో ఇద్దరు వెనక వరసలో నిలబడి గమనించాలి. ఎవరైనా డబ్బు చేతులు మారుస్తుంటే, మందు తాగి వస్తే, బంధువని చూడకుండా బయటికి పంపాలి. ముందు రోజే ఊళ్లో చాటింపు వేయించండి, గొడవ తగ్గుతుంది.

మ్యాచ్ రోజు ఒక ఫైలు హాల్లోనే ఉండాలి. ఛానెల్ జవాబు, కనెక్షన్ కాగితం, ఈ నెల రసీదు, పంచాయతీ కాగితం, పోలీసు అనుమతి, మైకు అనుమతి, సంఘం రిజిస్ట్రేషన్, చందా రసీదు బుక్కు, అన్నిటి జిరాక్సులు. ఫైలు ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలియాలి. ఛానెల్ తరఫున వచ్చామని ఎవరైనా చెబితే వాళ్ల గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం అడిగి చూడండి, పేరు రాసుకోండి, మీ కాగితాలు చూపించండి. అక్కడే డబ్బులిచ్చి సెటిల్ చేసుకుందామంటే ఒప్పుకోవద్దు, రసీదు లేని రూపాయి ఇవ్వవద్దు. వాళ్ల మాటలో న్యాయముంటే తెర ఆపేయండి, గుంపుగా మీద పడవద్దు. పోలీసులు బాక్సు గానీ, ప్రొజెక్టర్ గానీ తీసుకుపోతే పంచనామా కాపీ అడిగి తీసుకోండి. ప్రొజెక్టర్ కిరాయిదైతే యజమానికి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.